చోల్ భాష: బాంధవ్యమును, వారసత్వమును

మెక్సికో దేశమునందలి చియాపాస్ రాష్ట్రమున నుత్తరభాగమందు, తిలా, తుంబలా మొదలగు తావుల సుమారు రెండున్నర లక్షల జనులు మాటాడు భాష చోల్. ఇది సుమారు ముప్పది భాషలు గల మాయా కుటుంబములోనిది. చోళరాజుల పేరితోడి పోలిక వట్టి శ్రవణసామ్యము. దానినిబట్టి బాంధవ్య మూహింపరాదు. తద్భాషీయులు తమ పలుకును 'లక్‌త్యఞ్' అందురు. ఇందలి 'లక్' శ్రోతను గూడఁ గలుపుకొను 'మన', 'మా' కాదు. ఈ భేదమును తెలుఁగువారికి వివరింప నక్కఱలేదు.

ఈ భాషాస్థానమును గూర్చి రెండు ప్రశ్నలు గలవు. దీని దగ్గఱ చుట్టము లెవ్వరనునది మొదటిది. ప్రాచీన మాయాశాసనభాషకు వారసురా లెవ్వరనునది రెండవది. ఈ రెంటిని వేఱుపఱుపకుండుటయే భ్రాంతికి మూలము.

మొదటిది ధ్వనిపరిణామముచేఁ దేలుచున్నది. మూలభాషయందలి కకారము యుకాతెక్ భాషలో నిలిచి, చోల్ శాఖలోను, దాని తోఁబుట్టువగు త్సెల్తాల్ శాఖలోను బలుచోట్ల చకారమైనది. 'నాలుగు' అనుటకు యుకాతెక్‌లో 'కన్', చోల్‌లో 'చన్'. కన్నడమున 'కివి', తెలుఁగున 'చెవి' యనుట యిట్టిదే. అయితే తెలుఁగున నీ మార్పు తాలవ్యాచ్చులకు ముందే కలుగును. చోల్ శాఖలో పడమటివి చోల్, చోంతాల్. తూర్పువి చోర్తియు, నశించిన చోల్తియు.

ఇఁక రెండవది. పాలెంకె శిథిలములు చోల్ జనుల నడుమనే యున్నవి గనుక శాసనభాష చోలే యనుట యుక్తము గాదు. శాసనములలో 'వాని యిల్లు' అనుటకు 'యొ-తొ-తి' యను నక్షరములు గలవు. ఇల్లు యుకాతెక్‌లో 'ఒతొచ్', చోల్‌లో 'ఒత్యొత్య్', చోర్తిలో 'ఒతొత్'. కావున శాసనపదము చోల్ శాఖదని తేలును. అందే భాషదో తేలదు. ఉభయసాధారణమగు సాక్ష్య మొక్కరి పక్షమునఁ జెల్లదు.

2000 సంవత్సరమున హూస్టన్, రాబర్ట్‌సన్, స్టూవర్ట్ అను మువ్వురు క్రియాప్రత్యయములను విమర్శించి, శాసనభాష తూర్పుశాఖదనియు, చోల్తి చోర్తులు దాని సంతతి యనియు వాదించిరి. పదముకంటెఁ బ్రత్యయమును బ్రమాణముగాఁ గొనుట వీరి బలము. పద మెరువు వచ్చినంత సులభముగాఁ బ్రత్యయము రాదు. అయినను 'కూర్చుండెను' అను నర్థమున శాసనములందుఁ గానవచ్చు 'చుమ్వన్' లోని 'వన్' చోల్తిలోనే గాక పడమటి చోంతాల్‌లోను గలదు. కాఁబట్టి వీరి వాదము ప్రబలమే గాని నిర్వివాదము గాదు.

ఆ వాదమే నిలిచినచో చోల్ శాసనభాషకుఁ గూఁతురు గాక మేనకోడ లగును. దాన దీని గౌరవమునకుఁ గొఱఁత లేదు. 1984లోఁ గాఫ్‌మన్, నార్మన్ పండితులు మూల చోల్ భాషను బునర్నిర్మించుటకుఁ దూర్పు పడమరల సాక్ష్యములు రెండును గావలసివచ్చినవి. చోల్తి నేఁడు 1695 నాఁటి మొరాన్ ఫాదిరి వ్రాఁతప్రతివలననే తెలియవలసినది. చోల్‌ను నేఁటికిని జనులనోట వినవచ్చును. శాసనములు చదువఁగోరువారు ముందుగా వినవలసిన సాక్షులలో నిది యొకటి.