ఇరవై సెకన్ల శ్రమ, పది సెకన్ల ఊపిరి

కూకట్‌పల్లి అయినా మధురవాడ అయినా, పొద్దున్న ఆరింటి గ్రూప్ క్లాసు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకవైపు అద్దాల గోడ, కింద రబ్బరు నేల, గుండెల్లో దరువేసే పాట, వరసల్లో పాతికమంది. "లాస్ట్ టెన్ సెకండ్స్! ఎవ్వరూ ఆపొద్దు!" అంటూ కోచ్ వాళ్ళ మధ్య తిరుగుతుంటాడు. కొత్తగా చేరినవాళ్ళ కళ్ళు మొదటి వరసలో ఎగిరి దూకే కుర్రాళ్ళ మీదే ఉంటాయి. వాళ్ళలా చెయ్యగలనా అన్న బెంగ ముఖంలోనే తెలిసిపోతుంది. నేనైతే వాళ్ళని గోడ మీది టైమర్ చూడమంటాను. కాసేపు శ్రమ, కాసేపు విశ్రాంతి, మళ్ళీ శ్రమ అంటూ అది అంకెలు మారుస్తుంటుంది. హిట్ అని మనం పొట్టిగా పిలుచుకునే ఈ తీవ్ర వ్యాయామానికి ఎనభై ఏళ్ళు దాటిన వంశవృక్షం ఉంది. ఆ పరంపరలో అసలు విద్య విశ్రాంతి అంకెల చుట్టూనే పెరిగింది.

కథ జర్మనీలో మొదలవుతుంది. 1930లలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే పరుగు శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె వైద్యుడితో కలిసి ఒక పద్ధతి తయారుచేశాడు. అథ్లెట్ కొద్ది దూరం గట్టిగా పరుగెత్తాలి. నాడి నిమిషానికి 180 దాకా వెళ్తుంది. అక్కడ ఆగి, అది 120కి దిగేదాకా వేచి ఉండాలి. దిగితే మళ్ళీ పరుగు. తొంభై సెకన్లు గడిచినా దిగలేదంటే పరుగు మరీ వేగంగానో మరీ దూరంగానో అయిందన్నమాట, తగ్గించాలి. గుండె బలపడేది ఆ ఆగిన కాసేపట్లోనే అని వాళ్ళ నమ్మకం. గుండె గురించి వాళ్ళు చెప్పినదంతా ఇవాళ్టి శాస్త్రం అక్షరాలా ఒప్పుకోదు. పద్ధతి మాత్రం ఫలించింది. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939 జులైలో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. హార్బిగ్ దాన్ని చూసుకుని మురిసే వయసు దాకా బతకలేదు, 1944లో యుద్ధరంగంలో పోయాడు. ఆ తర్వాత చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల పరుగులను, మధ్యలో నెమ్మది పరుగుతో, పదులకొద్దీ తీసి 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు.

ఇక్కడొక విషయం గమనించాలి. గెర్ష్‌లర్ పద్ధతిలో విశ్రాంతి ఎంతసేపన్నది గడియారం చెప్పదు, ఆ మనిషి నాడి చెబుతుంది. ఇవాళ్టి క్లాసులో పాతికమందికీ ఒకటే టైమర్. ఇరవై రెండేళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడికీ, పదిహేనేళ్ళుగా కుర్చీలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ, ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ ఒంటిని పట్టించుకోవడం మొదలుపెట్టిన గృహిణికీ విశ్రాంతి అవే పది సెకన్లు. కొత్తవాళ్ళ కష్టాలన్నీ ఈ తేడాలోంచే పుడతాయి. వాళ్ళు నేర్చుకోవలసిన మొదటి నైపుణ్యం కూడా ఇక్కడే ఉంది: అందరి టైమర్ నడుస్తుండగా తన నాడి లెక్క తాను వేసుకోవడం.

ఆ పది సెకన్లు ఎక్కడివో చెబితే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. క్లాసుల్లో తరచూ వినబడే 'టబాటా' ఒక మనిషి పేరు. జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు శిక్షకుడు ఇరిసావా కోయిచి తన ఆటగాళ్ళతో చేయిస్తున్న సాధనను శాస్త్రీయంగా పరీక్షించినవాడు ఇజుమి టబాటా. 1996లో అచ్చయిన ఆయన బృందం పరిశోధనలో పాల్గొన్నది వ్యాయామ విద్య చదివే కుర్రాళ్ళు. ఒక జట్టు ఆరు వారాలపాటు, వారానికి ఐదు రోజులు, గంటసేపు మధ్యస్థ వేగంతో సైకిల్ తొక్కింది. రెండో జట్టు వారంలో నాలుగు రోజులు ఇరవై సెకన్లు విపరీతమైన బలంతో తొక్కి, పది సెకన్లు ఆగి, అలా ఏడెనిమిది సార్లు, ఇక కాళ్ళు కదలవనేదాకా చేసింది. గంట తొక్కినవాళ్ళకి ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పెరిగింది. నాలుగు నిమిషాలవాళ్ళకి అది పెరగడమే కాదు, ఆక్సిజన్ చాలనప్పుడు పనిచేసే శక్తి కూడా 28 శాతం పెరిగింది.

ఫలితం అబ్బురమే. ఆ నాలుగు నిమిషాలు ఎవరు చేశారన్నది మాత్రం ప్రచారంలో జారిపోయింది. వాళ్ళు అప్పటికే దేహదారుఢ్యం ఉన్న యువకులు, తొక్కింది పరిశోధనశాల సైకిలు, పక్కన కొలిచేవాళ్ళున్నారు. అలసిపోయిన కాలు సైకిల్ పెడల్ మీద ఆగిపోతుంది, అంతే. అదే అలసటతో దూకితే మోకాలో మడమో మెలిక పడుతుంది. మొదటి రోజు క్లాసులో టబాటా అంటూ దూకించేవాళ్ళని చూస్తే నాకు మనసొప్పదు.

పరిశోధనశాలకీ అద్దాల గోడకీ మధ్య దారి పొడవైనదే అయినా త్వరగా చెప్పుకోవచ్చు. 1968లో అమెరికా వైమానికదళ వైద్యుడు కెనెత్ కూపర్ 'ఏరోబిక్స్' పుస్తకం రాశాడు. మరుసటి ఏడే నర్తకి జూడీ షెపర్డ్ మిసెట్ నాట్యాన్నీ వ్యాయామాన్నీ కలిపి జాజర్‌సైజ్ మొదలుపెట్టింది. పాటకి తగ్గట్టు పదిమంది కలిసి చెమటోడ్చడం అలా ఊరూరా అలవాటైంది. 2000లో క్రాస్‌ఫిట్ వచ్చి బరువులనూ పోటీనీ కలిపింది. మన దేశంలో 2016లో బెంగళూరులో మొదలైన కల్ట్ వంటి సంస్థలతో ఈ క్లాసులు హైదరాబాద్ గల్లీల దాకా వచ్చేశాయి.

క్లాసులో అందరూ భయపడే బర్పీ సంగతి మరీ విచిత్రం. అది న్యూయార్క్‌లో రాయల్ బర్పీ అనే వ్యాయామ శాస్త్రవేత్త 1930లలో తయారుచేసిన పరీక్ష. గొంతుక్కూర్చోవాలి, చేతులు నేలకి ఆన్చి కాళ్ళు వెనక్కి తన్నాలి, మళ్ళీ ముందుకి తేవాలి, నిలబడాలి. దూకడం లేదు, పుషప్ లేదు. నాలుగంటే నాలుగు సార్లు చేయించి, ముందూ తర్వాతా నాడి కొలిచి, మనిషి దారుఢ్యం అంచనా కట్టేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తీసుకున్నాక దాని సంఖ్యా కష్టమూ పెరిగాయి. కాబట్టి కొత్తగా చేరినవాళ్ళు దూకడం, పుషప్ తీసేసి, కాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి వేసి చేస్తే చిన్నతనమేమీ లేదు. అది దాదాపుగా అసలు బర్పీయే.

ఇక చేసే తీరు. నేర్పు తెలిసిన కోచ్ కొత్తవాళ్ళ దగ్గర ముందు చూసేది కాళ్ళు నేలను తాకే పద్ధతి. దూకినప్పుడు చప్పుడు రాకూడదు. పాదం ముందుభాగం ముందు ఆని, మడమ తర్వాత దిగి, మోకాళ్ళు వంగి బరువును తీసుకోవాలి. దబ్బుమని చప్పుడైతే ఆ దెబ్బ కీళ్ళు తిన్నట్టే. స్క్వాట్‌లో మోకాళ్ళు లోపలికి వాలకుండా కాలివేళ్ళ దిశలోనే వెళ్ళాలి, తుంటి వెనక్కి వెళ్ళాలి. ప్లాంక్‌లో నడుము కిందికి జారితే ఆ సెట్టు అయిపోయినట్టే, టైమర్‌లో ఎన్ని సెకన్లున్నా సరే. మౌంటెయిన్ క్లైంబర్స్ వేగంగా రాకపోతే నడుస్తున్నట్టు చేసుకోవచ్చు. ఊపిరి బిగబట్టొద్దు: లేచేటప్పుడు వదలాలి, దిగేటప్పుడు తీసుకోవాలి. బరువు ఎత్తుతూ ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

తీవ్రత కొలవడానికి చేతికి వాచీ అక్కర్లేదు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా ఒక కొలబద్ద ఇచ్చాడు. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ప్రాణం మీదికి వచ్చినట్టు. ఆరోగ్యంగా ఉన్న యువతలో ఆ అంకెను పదితో గుణిస్తే ఇంచుమించు నాడి వస్తుంది. మొదటి కొన్ని క్లాసులు 13, 15 మధ్య, అంటే 'కాస్త కష్టం', 'కష్టం' అనిపించే చోట ఆగితే చాలు. ఇంకా తేలిక గుర్తు మాట. శ్రమ సమయంలో రెండు మూడు మాటలు అనగలగాలి, విశ్రాంతి ముగిసేసరికి ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. చెప్పలేకపోతే తర్వాతి సెట్టు వదిలేసి అక్కడక్కడే నడవాలి. గెర్ష్‌లర్ నాడి పట్టి చేసిన పని ఇదే.

మొదటి క్లాసులో మితం పాటించమని ఇంతగా చెప్పడానికి బలమైన కారణం ఉంది. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా చితకగొడితే అందులోని ప్రొటీన్ రక్తంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. మొట్టమొదటి స్పిన్నింగ్ సైకిల్ క్లాసు తర్వాత ఆసుపత్రిలో చేరినవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో నివేదికలున్నాయి. అది అరుదే, కానీ గుర్తులు తెలిసి ఉండాలి: భరించలేని నొప్పి, కండరం వాపు, అన్నిటికన్నా ముఖ్యంగా డికాషన్ రంగు మూత్రం. అది కనిపిస్తే ఇంట్లో పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుండె సంగతి మనవాళ్ళు ఇంకా శ్రద్ధగా చూసుకోవాలి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చినట్టు తేలింది. మిగతా దేశాలవాళ్ళకన్నా అది ఐదారేళ్ళు ముందు. బీపీ, షుగరు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు, పొగతాగే అలవాటు, వీటిలో ఏదున్నా డాక్టరుకి చూపించుకున్నాకే చేరాలి. ఛాతీ బిగువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, కళ్ళు తిరగడం అనిపిస్తే కోచ్ ఎంత ఉత్సాహపరిచినా అక్కడితో ఆపాలి. "ఇవాళ ఇక్కడికి చాలు సార్" అన్న మాటను గౌరవించే చోటే డబ్బు కట్టండి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి కూడా నేను ఒంటరి ట్రెడ్‌మిల్ కన్నా గ్రూప్ క్లాసునే సిఫారసు చేస్తాను. 1920లలో బెర్లిన్‌లో ఓటో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పడవ పందేల క్లబ్బు సభ్యులతో బరువులు ఎత్తించి చూశాడు. విడివిడిగా ఎత్తినప్పటికన్నా, ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని, ఒకరు ఆగితే ఇద్దరూ ఆగిపోయే పరిస్థితిలో, బలహీనుడు ఎక్కువసేపు నిలిచాడు. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైనా, అసలు లేకపోయినా ఆ లాభం తగ్గింది. దీన్నుంచి నేను కొత్తవాళ్ళకి ఇచ్చే సలహా ఒకటుంది: క్లాసులో అందరికన్నా గొప్పగా చేసేవాళ్ళ పక్కన నిలబడొద్దు, మీకన్నా కొంచెం మెరుగైనవాళ్ళ పక్కన నిలబడండి.

2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తమ విశ్వవిద్యాలయ పడవ జట్టు మీద ఇంకో ప్రయోగం చేశారు. ఒంటరిగా తెడ్డు యంత్రం లాగిన రోజుకన్నా అంతే శ్రమ కలిసి ఒకే లయలో చేసిన రోజున, చేతికి బీపీ పట్టీ బిగిస్తే నొప్పి ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. అది లయతో విడుదలయ్యే ఎండార్ఫిన్ల పని అని వాళ్ళ అభిప్రాయం. క్లాసు అయ్యాక మెట్లు దిగుతున్నవాళ్ళ ముఖాల్లో వెలుగుకి ఇదొక కారణం. కొత్తవాళ్ళు హద్దు దాటడానికీ ఇదే కారణం. గుంపులో నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఒంట్లోంచి వచ్చే కబురు కోసం చూడకుండా, ఇన్ని సెట్లే చేస్తానని లోపలికి వెళ్ళకముందే అనుకోవాలి.

ఈ కలిసి చెయ్యడం మనకేమీ కొత్త కాదు. పాతబస్తీ తాలీంఖానాల్లో, కోస్తా ఊళ్ళ వ్యాయామశాలల్లో ఉస్తాద్ ముందు వరసగా నిలబడి దండీలు, బస్కీలు తీసినవాళ్ళు మన తాతల తరంలో ఎందరో. వీరఘట్టంలో పుట్టి మల్లయోధుడిగా, సర్కస్ యజమానిగా దేశమంతా పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తినాయుడు ఆ సంప్రదాయపు మనిషే. తల వంచి నేల మీదుగా ఛాతీని పాకించి పైకి లేపే మన దండీ ఇప్పుడు 'హిందూ పుషప్' పేరుతో ప్రపంచమంతటి క్లాసుల్లో ఉంది. అక్కడ ఉస్తాద్ కొత్త కుర్రాడికి పదితో మొదలుపెట్టించి, నెలల మీద వందలకి తీసుకెళ్ళేవాడు. ఎవరికి ఎన్ని అన్నది ఆయన కంటికి తెలిసేది. పాతికమందిలో మీ పేరు గుర్తుపెట్టుకుని, మీ మోకాలి సంగతి అడిగి తెలుసుకుని, మీకు వేరే కదలిక చూపించే కోచ్ దొరికితే ఆ కన్ను ఇంకా ఉన్నట్టే. మొదటి రోజు క్లాసుకి పది నిమిషాలు ముందుగా వెళ్ళి, పాత దెబ్బలు, వేసుకునే మందులు చెప్పి, ఆయన విన్నాడో లేదో చూడండి.

క్లాసు అయిన మర్నాడు, ఒక్కోసారి ఆ మర్నాడు, తొడలు పట్టేసి మెట్లు దిగడం కష్టమవుతుంది. అది లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల కాదు, ఆ ఆమ్లం క్లాసు అయిన గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. సాగుతూ బరువు మోసిన కండరపు పోగుల్లో సూక్ష్మంగా దెబ్బ తగిలి, మరమ్మతు జరుగుతున్న నొప్పి అది. నెమ్మదిగా నడవండి, బాగా నీళ్ళు తాగండి, పప్పో గుడ్డో తినండి, నిద్ర తగ్గించుకోవద్దు. మూడో రోజుకి తగ్గుముఖం పడుతుంది. వారంలో రెండు క్లాసులు, మధ్యలో కనీసం ఒకటి రెండు రోజుల ఎడం, మిగతా రోజుల్లో మామూలు నడక చాలు. అవే కదలికలు రెండోసారి చేసినప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. కండరం మొదటి దెబ్బతోనే సర్దుకుని, వారాలపాటు ఆ రక్షణ నిలుపుకుంటుంది. చాలామంది మానేసేది ఒక్క క్లాసు తర్వాతే, ఆ నొప్పికి భయపడి. కాబట్టి చేరాలో వద్దో తేల్చుకోవడానికి రెండో క్లాసు దాకా ఆగండి.