నూనె మారుతుంది, కాయితం మారదు

ఈ వారం మా ఊరి అబీద్ సెంటర్‌లో ట్రాఫిక్ ఆగింది. ట్రైలర్ మీద సబ్‌స్టేషన్ నుంచి దింపిన పాత ట్రాన్స్‌ఫార్మర్. కాలలేదు, పేలలేదు; మొన్నటిదాకా కరెంటిచ్చిందే. నాకు ఒళ్లు మండింది. పనిచేసేదాన్ని పీకేయడమంటే నాకెంత గిట్టదో ఈ కాలమ్ చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు.

నా వాదనకి ఎప్పుడూ మాచ్‌ఖండే సాక్షి. మన సీలేరు నదికి ఎగువన ఉన్న పేరే అది. జలాపుట్‌లో నీళ్లు ఆపి, డుడుమ జలపాతం దగ్గర కొండ మీంచి గొట్టాల్లో దించి, 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి సొత్తు. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. కుర్రప్పుడు చూడ్డానికెళ్తే, విప్పేసిన యంత్రం పక్కన కూర్చుని ఒకాయన బేరింగును గుడ్డతో తుడుస్తున్నాడు, పసిబిడ్డకి స్నానం చేయించినట్టు. అరిగినచోట అతుకు, విరిగినచోట కొత్త ముక్క. ఇనుముకి చావేమిటి?

సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, "మాస్టారూ, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము కాదు, కాయితం" అన్నాడు.

లోపల రాగి చుట్లకి కాయితమే చుడతారట. కొత్తప్పుడు దాని పోగుల గొలుసుకి వెయ్యి దాకా లంకెలు. వేడికీ తేమకీ తెగి తెగి 200కి దిగితే చిటికేస్తే పొడే. 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకీ ఆయుష్షు సగం. ఆ చుట్లు మునిగుండే నూనెని వడకట్టొచ్చు, మార్చొచ్చు. కాయితం మాత్రం ఉన్నదే. అయినా మామూలు రోజుల్లో ఆ పెళుసు కాయితమే కరెంటుని ఆపుతుంది. హుద్‌హుద్ తుపాను లాంటి గాలికి లైను మీద కొమ్మ పడి షార్టయితే చుట్లు ఒక్కసారి అదురుతాయి; కాయితం రాలుతుంది. ఊరంతా చీకటయ్యాక కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. నూనె సీసాలో పట్టి పరీక్షిస్తే, మూత తీయకుండానే కాయితం ఎంత చెడిందో తెలుస్తుంది. పుట్టిన సంవత్సరంతో పనిలేదు. లోడు మోయలేక ఉడికిన పదేళ్లది, తేలిగ్గా తిరిగిన ముప్ఫై ఏళ్లదానికంటే ముసలిది కావచ్చు.

సరే, పీకడమే న్యాయం, అదీ నడుస్తుండగానే. ఇక నా కన్ను కొత్తదాని మీద. దాని పక్కన వేలాడే బ్రీదర్ సీసాలో నీలి గుళికలుంటాయి, లోపలికెళ్లే గాలిలో తేమ పీల్చడానికి. తడిస్తే గులాబీరంగు. తీసి వేడిచేస్తే మళ్లీ నీలం. ఖర్చు లేని పని. వానాకాలంలో సబ్‌స్టేషన్ కంచె పక్కగా వెళ్లేవాళ్లు ఆ సీసా రంగు చూసి, గులాబీగా ఉంటే లోపలున్నవాళ్లని కేకేసి అడగండి.