తేలినీలాపురానికి ఏ దుర్భిణి?

ఆన్‌లైన్ దుకాణంలో రైఫిల్ స్కోప్ అని వెతికితే వేలల్లోంచి లక్షల దాకా బారులు తీరి కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్లకి వాటి మీద మోజు తక్కువేం కాదు. కొని ఏం చేస్తారన్నదే ప్రశ్న. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాన్ని ఇంకా బిగించిన 1991 సవరణ తర్వాత మన దేశంలో సరదా వేటకి చోటు లేదు. కుందేలుని కొట్టినా కేసే, కొంగని కొట్టినా కేసే. పోనీ పోటీల్లో గురిపెడతామంటారా? ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో అద్దాల స్కోప్ పెట్టనివ్వరు, చిన్న కంతలోంచి చూసి కొట్టాల్సిందే.

ఆ డబ్బు పెట్టి బైనాక్యులర్స్ కొనుక్కోండి అంటాను నేను. మన వైపు దానికున్న పని తుపాకీకి లేదు.

తుపాకీ దించి దుర్భిణి పట్టే ఈ మార్పు మనతో మొదలైంది కాదు. విజయనగరం రాజకుటుంబంలో పుట్టి, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి నాయకత్వం వహించిన విజ్జీకి క్రికెట్ ఎంతో పులివేట అంతే. మూడు వందల పైచిలుకు పులుల్ని కొట్టానని ఆయన చెప్పుకునేవాడంటారు. ఆ లెక్కలో డాబు ఎంతున్నా, అప్పటి గొప్పతనానికి కొలబద్ద ఏమిటో తెలుస్తుంది. పక్షిశాస్త్రం కూడా అప్పట్లో తుపాకీ చేతబట్టుకునే నడిచింది. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ సైతం నమూనాల కోసం పిట్టల్ని కొట్టి చర్మాలు భద్రపరిచినవాడే. అమెరికాలో 1900 క్రిస్మస్ రోజున ఫ్రాంక్ చాప్‌మన్ అనే పెద్దమనిషి, పండగనాటి పక్షివేటకి బదులు పక్షుల్ని లెక్కపెడదాం రండని పిలుపిచ్చాడు. ఆ లెక్క ఏటా నేటికీ జరుగుతోంది. వేటగాడి విద్యలో కాల్చడం ఒక్కటి తీసేస్తే మిగిలినదంతా, అంటే గాలి చూసుకోవడం, వెలుగు చూసుకోవడం, చప్పుడు లేకుండా కదలడం, ఓపిక పట్టడం, పక్షుల్ని చూసేవాళ్లకి వారసత్వంగా వచ్చింది.

మనకి చూడ్డానికి ఏముందంటారా? టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. చలికాలం ముందు వచ్చి వేసవి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదా తుమ్మల మీదా గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఒడిశా సరిహద్దు పక్కనే, ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి ఉంది. అక్కడికి తొలకరితో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. నౌపడా దగ్గర ఉప్పుమళ్లు, తంపర అనే చిత్తడి భూములు, సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేల ఇవన్నీ నీటిపక్షుల మేత పట్టులే. సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు అని పేపర్లు ఏటా రాస్తుంటాయి గానీ, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఈ దేశపువే; నీళ్లనీ మేతనీ బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి. నిజంగా ఉత్తరాది మంచుదేశాల నుంచి వచ్చేవి ఉప్పుమళ్లలో బురద పొడుచుకునే చిన్నచిన్న ఉల్లంకి పిట్టలు. వాటిని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఉత్తకంటికి అవి ఆనవు.

దుర్భిణి మీద రెండు అంకెలుంటాయి: 8×42 అనో, 10×50 అనో. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందన్నది, రెండోది ముందరి అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. కొనేవాళ్లలో నూటికి తొంభైమంది మొదటి అంకె చూసి మోసపోతారు. 20×50 ఉండగా 8 ఎందుకు కొనాలని అడుగుతారు. రెండో అంకెని మొదటిదానితో భాగించి చూడండి. 8×42కి 5.25 మిల్లీమీటర్లు వస్తుంది, 20×50కి రెండున్నర. దుర్భిణి వెనకనుంచి కంట్లోకి దిగే వెలుగు గుండ్రం వెడల్పు అది. మసకవెలుగులో మన కంటిపాప ఐదు, ఆరు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. పక్షులు హడావిడిగా తిరిగేది తెల్లారుజామునా, పొద్దుగూకేటప్పుడూ. ఆ వేళ రెండున్నర మిల్లీమీటర్ల వెలుగుతో కొంగ నల్లటి మచ్చలా కనిపిస్తుంది తప్ప దాని కాలి రంగు తెలియదు.

ఇక చెయ్యి వణుకు. ఎనిమిది రెట్లు పెద్దదై కనిపించే బొమ్మతో పాటు వణుకూ ఎనిమిది రెట్లవుతుంది. పది దాటితే స్టాండు లేకుండా నిలకడగా పట్టుకోవడం కష్టం. పైగా రెట్లు పెరిగినకొద్దీ కనిపించే మేర కుదించుకుపోతుంది. మంచి 8 రెట్ల దుర్భిణి కిలోమీటరు దూరంలో దాదాపు 130 మీటర్ల వెడల్పు చూపిస్తే, 10 రెట్లది 110 దగ్గర ఆగుతుంది. ఎగిరిపోతున్న పిట్టని పట్టుకోవడంలో ఆ ఇరవై మీటర్లే తేడా. మన ఉప్పుమళ్ల దగ్గర ఇంకొక చిక్కుంది. పొద్దు తొమ్మిది, పది దాటాక నేలమీంచి వేడి లేచి గాలి నీళ్లలా కదులుతుంది. ఆ కదలికని కూడా దుర్భిణి పెంచి చూపిస్తుంది. లక్షన్నర పెట్టి కొన్న అద్దానికైనా అక్కడ చేయగలిగింది లేదు. అందుకే మొదటి దుర్భిణి 8×42 కావాలి, అంతకన్నా తేలిక కావాలంటే 8×32. జూమ్ అని రాసున్నవాటి జోలికి పోవద్దు.

రైఫిల్ స్కోప్ లెక్కా ఇదే. వేటకి పేరుపడ్డ 3-9×40 స్కోప్‌ని తొమ్మిది రెట్ల మీద పెడితే వెలుగు గుండ్రం నాలుగున్నరకి కాస్త లోపు. అయితే స్కోప్ ధర అంతా చూపుకే పోదు. అందులో కొంత తుపాకీ తన్నుకి లోపలి గీత చెదరకుండా ఉండటానికీ, మీట తిప్పిన ప్రతిసారీ అంతే దూరం జరగడానికీ పోతుంది. చూడ్డానికి మాత్రమే కొనేవాడు ఆ పనితనానికి డబ్బెందుకు కట్టాలి? అదీ ఒక కంటికే.

దుకాణంలో చేతికి తీసుకున్నాక నాలుగు పనులు చెయ్యాలి. వెనక అద్దాన్ని మీ వైపు తిప్పి, మూరెడు దూరంలో పట్టుకుని, ఆకాశం వైపు చూపించండి. వెలుగు గుండ్రంగా, నిండుగా ఉంటే లోపలి పట్టకాలు మేలైన గాజు. అంచులు బూడిదరంగులో కోసేసినట్టు చతురస్రంగా కనిపిస్తే నాసిరకం. ముందరి అద్దంలో ట్యూబ్‌లైటు నీడ చూడండి: ఆకుపచ్చగానో ఊదాగానో మసకగా కనిపిస్తే పూత ఉన్నట్టు, తెల్లగా మెరిస్తే లేనట్టు, కెంపులా ఎర్రగా ధగధగలాడితే బొమ్మల కొట్టు సరుకు. వీధిలోకి వచ్చి ఆకాశానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగని చూడండి. దానికి ఊదా, పసుపు అంచులు ఎంత తక్కువుంటే అద్దం అంత మంచిది. రేపు ఎండలో తెల్ల కొంగ రెక్కకీ అవే అంచులు కనబడతాయి. చివరగా ఒక సైన్‌బోర్డు మీద నిమిషంపాటు చూపు నిలపండి. కళ్లు లాగినట్టున్నా, అక్షరం రెండుగా విడిపోతున్నా రెండు గొట్టాలూ ఒక దారిలో లేవు. ఎంత చవకైనా వద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటికీ అద్దానికీ మధ్య 15 మిల్లీమీటర్లకి తగ్గని ఎడం ఇచ్చేదే తీసుకోవాలి, లేకపోతే బొమ్మ చుట్టూ నల్లటి వలయం పడుతుంది.

పదివేలకి అటూ ఇటూ పెట్టగలిగినవాళ్లకి నికాన్, సెలెస్ట్రాన్ లాంటి కంపెనీల్లో పనికొచ్చేవి దొరుకుతాయి. బడ్జెట్టు మరీ తక్కువైతే వంకర భుజాల పాతకాలపు ఆకారంలో ఉన్నదే కొనండి. నిటారు గొట్టాలది చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది గానీ, దాని పట్టకాలకి అదనపు పూత లేకపోతే బొమ్మ పదును తగ్గుతుంది, ఆ పూతకి ఖరీదు ఎక్కువ. ఒక్కటి మాత్రం మన తీరానికి తప్పనిసరి అనుకుంటాను: లోపల నైట్రోజన్ నింపి, నీళ్లు చొరకుండా మూసినది. రెండు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

అసలు పరీక్ష తేలుకుంచిలో. నత్తగుల్ల కొంగ ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సన్నటి సందు ఉంటుంది. చింతకొమ్మ మీద నిలబడ్డ కొంగ ముక్కు సందులోంచి అవతలి ఆకాశం తెలుస్తోందా? తెలిస్తే అద్దం మంచిదే, మీరు సరిగా బిగించుకున్నట్టే. గూట్లోంచి కొత్తగా దిగిన పిల్లకి ఆ సందు ఉండదు, ఎదిగాక ఏర్పడుతుంది. వానాకాలం చివర్లో కొమ్మమీది వాటిలో ఎన్ని పెద్దవో, ఎన్ని ఆ ఏటి పిల్లలో ముక్కు చూసి చెప్పొచ్చు. ఊరికే కొంగలు అని తిరిగొచ్చేవాడికీ, ఈ ఏడు పిల్లలు బాగా దక్కాయని చెప్పగలిగేవాడికీ తేడా ఆ వెలుగుగీతే.

బిగించుకోవడం అన్నాను గనక: కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి బొమ్మ స్పష్టం చేసుకోవాలి, ఆ తర్వాత ఎడమది మూసి కుడి గొట్టం దగ్గరున్న చిన్న చుట్టు తిప్పాలి. ఇది ఒకసారి చేస్తే చాలు. చాలామంది ఇది చెయ్యక దుర్భిణి బాగోలేదంటారు. పిట్ట కనిపించగానే చూపు దాని మీదే ఉంచి దుర్భిణిని కళ్ల దగ్గరకి తేవాలి. తల వంచి దుర్భిణిని చూసుకుని మళ్లీ తలెత్తితే పిట్ట ఎక్కడుందో దొరకదు. పొద్దున చెరువుకి తూర్పు గట్టున, సాయంత్రం పడమటి గట్టున ఉంటే ఎండ మీ వెనకుంటుంది. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక పక్షి ఏ వైపు ముఖం చూపిస్తుందో దాన్నిబట్టి చెప్పొచ్చు. మేస్తున్న కొంగ మెడ నిక్కించిందా, మీరు ఆగిపోవాలి. గూళ్ల కిందకి అసలు పోకూడదు. తల్లి లేచిపోతే గుడ్లు కాకులపాలు, రెక్కలు రాని పిల్లలు ఎండపాలు.

ఈ చూపుకి విలువ ఉంటుందా అనే అనుమానం ఉన్నవాళ్లు సోంపేట గుర్తుచేసుకోవాలి. థర్మల్ ప్లాంటు కోసం ఇచ్చిన బీల భూమిని కాగితాల్లో పనికిరాని నేలగా చూపించారు. అది నీటితావు అని, సాగూ చేపలవేటా దాని మీదే నడుస్తున్నాయని ఊళ్లవాళ్లు పోరాడారు. 2010 జులై 14న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. అదే రోజు సోంపేట దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. తర్వాతి ఏడు ఫిబ్రవరి ఆఖర్న కాకరాపల్లి తంపరలోనూ థర్మల్ ప్లాంటు గొడవలో అలాగే పోలీసు కాల్పులు జరిగాయి. ఒక నేల బంజరా, నీటితావా అన్న వాదనలో ఏటా ఏ పక్షులు ఎన్ని దిగాయన్న లెక్క ఉత్త కబురు కాదు, సాక్ష్యం. 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన అందుకే. ఆ లెక్కకి పెద్ద చదువు అక్కర్లేదు. గుంపులో పదింటిని లెక్కించి, ఆ పది ఎంత మేర పరుచుకున్నాయో చూసుకుని, ఆ మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో వేసుకోవడమే.

ఉల్లంకి పిట్టల లెక్కకి మాత్రం స్టాండు మీద పెట్టే 20-60 రెట్ల స్పాటింగ్ స్కోప్ ఉండాలి. అది మనిషికొకటి కొనడం దండగ. ఒక కాలేజీకో, ఒక ఊరికో ఒకటి ఉంటే అందరూ వరసగా చూడొచ్చు.

కొన్నాక సంచిలో పెట్టి బీరువాలో దాచెయ్యకండి. మన సముద్రపుగాలి తేమకి అద్దాల లోపల సాలెగూడులా ఫంగస్ అల్లుకుంటుంది. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అప్పుడప్పుడు నీడపట్టున గాలికి పెట్టాలి. ఉప్పుమళ్ల నుంచి వచ్చిన రోజు అద్దాన్ని చొక్కా అంచుతో తుడవొద్దు. ఉప్పు, ఇసుక రేణువులు పూతని గీకేస్తాయి. ముందు ఊది, బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. సెకండ్ హ్యాండ్ బేరం తగిలితే వెనకనుంచి టార్చి వేసి ముందరి అద్దంలోంచి లోపలికి చూడండి. తెల్లటి నూలుపోగులు కనిపిస్తే సగం ధరకి ఇచ్చినా వద్దనండి, విప్పి శుభ్రం చేయించే ఖర్చు కొత్తదాని ధరకి దగ్గరపడుతుంది.