విమర్శనాత్మక పరిశీలన: ఎన్‌జీసీ 4395లోని రేడియో జనకం

సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 100 నుంచి 1,00,000 రెట్ల వరకు ద్రవ్యరాశి గల కృష్ణబిలాలను మధ్యస్థ ద్రవ్యరాశి కృష్ణబిలాలు అంటారు. చిన్న గెలాక్సీల కేంద్రాల్లో వీటిని వెతకడానికి రేడియో పరిశీలన ఒక ముఖ్య సాధనం. ధూళి రేడియో తరంగాలను అడ్డుకోలేదు. పైగా, దూరదూరంగా ఉన్న రేడియో దూరదర్శినులను కలిపి వాడితే పృథక్కరణ శక్తి ఎంతో పెరుగుతుంది. మరి ఈ సాధనం ఇచ్చే సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఎన్‌జీసీ 4395 సుమారు 1 కోటి 40 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని చిన్న గెలాక్సీ. దాని కేంద్రకం చురుకైనదని 1989లో ఫిలిప్పెంకో, సార్జెంట్ వర్ణపటం ద్వారా చూపారు. 2006లో రోబెల్, హో ప్రచురించిన రేడియో చిత్రంలో ఒక పార్సెక్ కన్నా చిన్నదైన, సాగిన ఆకారం గల జనకం కనిపించింది. కృష్ణబిలం నుంచి వెలువడే ప్రవాహానికి అది గుర్తు అని భావించారు.

ఈ వాదనలో బలం ఉంది, ఒక ఖాళీ కూడా ఉంది. జనకం చిన్నది కావడం ఒక విషయం, అది సరిగ్గా కృష్ణబిలం దగ్గరే ఉండడం మరో విషయం. తరవాత గయా ఉపగ్రహం దృశ్యకాంతిలో కేంద్రకం స్థానాన్ని ఎంతో సూక్ష్మంగా కొలిచింది. యాంగ్, సహచరులు 2022లో రెండు స్థానాలను పోల్చగా, రేడియో జనకం కేంద్రకానికి కొన్ని పార్సెక్‌ల ఎడంగా ఉందని తేలింది. గయా చూపిన చోట వారికి అంత చిన్నదైన, సాంద్రమైన రేడియో జనకం కనిపించలేదు. కృష్ణబిలం వెలువరించిన ప్రవాహం చుట్టూ ఉన్న వాయువును తాకగా ఏర్పడిన అఘాత తరంగమే ఆ జనకం కావచ్చని వారు వివరించారు.

దీనివల్ల కృష్ణబిలం లేదని కాదు. దెబ్బ తగిలేది ద్రవ్యరాశి లెక్కకు. రేడియో, ఎక్స్-కిరణ ప్రకాశాల నుంచి ద్రవ్యరాశిని అంచనా వేసే సంబంధం ఒకటుంది. అందులో వాడే రేడియో ప్రకాశం కృష్ణబిలం సమీపానిదే కావాలి. అంత ఎడంగా ఉన్న జనకం ప్రకాశాన్ని అందులో వేస్తే, వచ్చే జవాబుకు అర్థం ఉండదు. ఇక్కడ కృష్ణబిలం ద్రవ్యరాశి అంచనాలే సుమారు పది వేల నుంచి కొన్ని లక్షల సూర్యుల వరకు ఉన్నాయి. అది ‘మధ్యస్థం’ అవునా కాదా అన్నదే ఆ అంకెపై ఆధారపడుతుంది.

కాబట్టి రేడియో చిత్రాన్ని తీర్పుగా కాక, ఒక సాక్షిగా చదవాలి. జనకం ఎంత చిన్నదో అడిగిన వెంటనే, అది ఎక్కడుందో కూడా అడగాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: రేడియో జనకం స్థానాన్ని దృశ్యకాంతి స్థానంతో ఎందుకు పోల్చాలి?