మోతాదు కన్నా ముందు కారణం

గుండె ఆపరేషన్‌లో ఇచ్చే మత్తు గురించి ఎంబీబీఎస్ విద్యార్థులకు చెప్పడమెందుకు, అది సూపర్ స్పెషాలిటీ వ్యవహారం కదా అనే వాదన ఒకటుంది. దానితో నేను ఏకీభవించను. మొదటి ఏడాది ఫిజియాలజీలో బట్టీపట్టిన రక్తప్రసరణ పాఠం మనిషి ప్రాణాన్ని ఎలా నిలబెడుతుందో అంత స్పష్టంగా కనిపించే చోట్లు ఆస్పత్రిలో అరుదు. అయితే అక్కడ ముందుగా నేర్పాల్సింది మందుల పేర్లూ మోతాదులూ కాదు, వాటి వెనకున్న కారణం.

కవాటాల జబ్బులనే తీసుకోండి. మైట్రల్ కవాటం సన్నబడిన రోగిలో ఎడమ కర్ణిక నుంచి జఠరికలోకి రక్తం దిగడానికి వ్యవధి కావాలి. గుండె వేగం పెరిగితే ఆ వ్యవధి తగ్గిపోతుంది, కర్ణికలో ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే అక్కడ నాడి పరుగెత్తకుండా చూస్తారు. బృహద్ధమని కవాటం సరిగా మూసుకోని రోగిలో ఈ లెక్క తలకిందులవుతుంది. నాడి మందగించినకొద్దీ, బయటికి పోయిన రక్తం వెనక్కి కారడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. అక్కడ కాస్త వేగమే మేలు. అదే కవాటం బాగా సన్నబడిన రోగికి రక్తపోటు పడిపోతే, దళసరిగా పెరిగిన గుండె కండరానికే రక్తం చాలదు. ఆ గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించడం చాలా కష్టం. ముగ్గురికీ ఒకే పద్ధతిని కంఠస్థం చేసినవాడు ఎవరో ఒకరిని ప్రమాదంలోకి నెడతాడు.

ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే హార్ట్-లంగ్ మెషిన్ మరో పాఠం చెబుతుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో సర్జన్ జాన్ గిబ్బన్ దాని సాయంతో ఒక యువతి గుండెలోని రంధ్రాన్ని మూశాడు. ఆ యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా ముందు హెపారిన్ ఇస్తారు, యంత్రం నుంచి తప్పించాక ప్రోటమిన్‌తో దాని ప్రభావం తీసేస్తారు. ప్రోటమిన్ వేగంగా ఎక్కిస్తే రక్తపోటు కూలిపోవచ్చు. యంత్రం నడుస్తుండగానే ఇస్తే గొట్టాల్లో రక్తం గడ్డకట్టే ముప్పుంది. అందుకే ప్రోటమిన్ మొదలుపెట్టే ముందు మత్తు డాక్టరు ఆ మాట పైకి చెప్పాలి, సర్జనూ యంత్రం నడిపే పెర్ఫ్యూజనిస్టూ విన్నామని బదులివ్వాలి. అలా చెప్పుకోవడం కూడా విద్యార్థి నేర్వాల్సిన విద్యే.

ఈ విద్యార్థుల్లో గుండె మత్తు నిపుణులయ్యేది కొద్దిమందే, ఉన్న సమయమూ తక్కువే అంటారు. నిజమే. కానీ చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం దెబ్బతిన్న గర్భిణి పెద్దాస్పత్రికే వస్తుందన్న హామీ లేదు. గర్భంలో రక్త పరిమాణమూ నాడి వేగమూ పెరుగుతాయి కనుక, అంతదాకా అణగి ఉన్న జబ్బు ఆయాసమై అప్పుడు బయటపడుతుంది. ఆమె మొదట చేరేది ఏరియా ఆస్పత్రి కావచ్చు. అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న యువ డాక్టరు ఆ ఆయాసాన్ని నెలల బరువని కొట్టిపారేయకుండా, సిజేరియన్‌కు ముందే మత్తు డాక్టరును హెచ్చరించాలంటే ఈ కారణాలు తెలిసి ఉండాలి.

థియేటర్‌లో విద్యార్థులు గుమిగూడితే రోగికి చేటన్న అభ్యంతరం న్యాయమైనది. దానికి విరుగుడు పాఠం మానేయడం కాదు. రోగి వివరాలు ముందు తరగతిలో ఇచ్చి, మత్తు ఎక్కగానే నాడీ రక్తపోటూ ఎటు పోతాయో విద్యార్థుల చేత ఊహించి రాయించాలి. తర్వాత ఇద్దరు ముగ్గురిని లోపలికి తీసుకెళ్లి, ఏమీ ముట్టుకోనివ్వకుండా, తాము రాసినదాన్ని మానిటర్‌తో సరిచూసుకోమనాలి. పరీక్షలోనూ మోతాదు అడిగే బదులు, ఈ రోగి నాడి 120కి చేరితే ఏమవుతుంది, ఎందుకవుతుంది అని అడగాలి. మోతాదు మరిచిపోయినా పుస్తకంలో దొరుకుతుంది. రోగి ఆయాసపడుతున్నప్పుడు కారణాన్ని మాత్రం డాక్టరే ఆలోచించి పట్టుకోవాలి.