పీపా మూత చదివే కన్ను

గోదాములో సరుకు ఏ రోజున వ్యర్థమైందో చెప్పే గంట ఏదీ మోగదు. గడువు దాటిన పురుగుమందు, వాడేసిన ఇంజిన్ ఆయిల్, అడుగున గడ్డకట్టిన పెయింటు డబ్బా నిన్నటి చోటే ఉంటాయి. పీపా మూత ఉబ్బిందా, అంచున తుప్పు చెమ్మగా ఉందా, యాసిడ్ పక్కన బ్లీచింగ్ పౌడర్ బస్తా ఎవరు దించారు అని చూసే కన్నే ప్రమాదకర వ్యర్థాలను గుర్తించే పనిలో అసలు నేర్పు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. లేబుల్ అతికించేవాడికి ఇంత పొగడ్తా, తేల్చేది ల్యాబ్ కదా అంటారు. ల్యాబ్ తన దగ్గరికొచ్చిన నమూనానే పరీక్షిస్తుంది; ఏ పీపాను అనుమానించాలో గోదాము మనిషే చెప్పాలి. ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం పసుపు లేబుల్ మీద ఎర్ర అక్షరాల హెచ్చరిక స్థానిక భాషలోనూ ఉండాలి. దాన్ని చదవాల్సింది హమాలీ మరి.

గుర్తిస్తే చాలదన్న అభ్యంతరం మాత్రం బరువైనది. బేరూత్ రేవులోని 12వ నంబరు గోదాములో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉందని అధికారులకు తెలుసు. ఉత్తరాలూ నడిచాయి. కాగితం మీద అది వ్యర్థం కాదు, స్వాధీనం చేసుకున్న సరుకు! 2020 ఆగస్టు 4న అది పేలి 200 మందికి పైగా చనిపోయారు. అందుకే బయటికి పంపడం ఈ వృత్తిలో సగం. మన నిబంధనల్లో వ్యర్థాల నిల్వకు మామూలు గడువు 90 రోజులు; ఆ లెక్క రాసి, దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న వ్యర్థాల శుద్ధి కేంద్రానికి లారీ ఎక్కించి, సరుకు వెంట వెళ్లే మేనిఫెస్టు పత్రం కాపీ తిరిగొచ్చేదాకా వెంటపడాలి. బేరూత్ తర్వాత కొద్ది రోజులకే, చెన్నై దగ్గర మనలిలో ఏళ్లుగా పడి ఉన్న దాదాపు 700 టన్నుల అదే సరుకు కంటెయినర్లలో హైదరాబాద్ బయల్దేరింది. ఆ రోడ్డు అంతకుముందూ అక్కడే ఉంది.