మసక పెట్టి చూడాల్సిన చుక్క

ఖతార్-1బి గ్రహం మీద ఉగాదికీ ఉగాదికీ మధ్య 34 గంటలే. మన గురుగ్రహం కన్నా కాస్త పెద్దదైన ఆ వాయుగోళం తన నక్షత్రానికి 35 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతోంది. సూర్యుడికి బుధుడే సగటున 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అందుకే అక్కడ వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. జులైలో దోహా ఎండని తిట్టుకునేవాళ్లకి ఈ మాట చెప్పి చూశాను, ఒక్కరికీ ఊరట కలగలేదు.

2022 ప్రపంచకప్ ఖతార్‌కి ఖాయమైన 2010 డిసెంబరులోనే ఈ గ్రహం సంగతీ బయటికొచ్చింది. ఖతార్ ఖగోళ శాస్త్రవేత్త ఖాలిద్ అల్ సుబై బృందానిది ఆ ఘనత. కెమెరాలు మాత్రం అమెరికాలోని న్యూ మెక్సికోలో పెట్టారు. పేరు ఇక్కడిది, పట్టింది అక్కడా అని మూతి విరిచేవాళ్లున్నారు. పని ఎక్కడుంటే అక్కడికి పోవడం మాకేం కొత్త?

గ్రహం కంటికి కనిపించదు. డ్రాకో రాశిలో సుమారు 600 కాంతి సంవత్సరాల అవతలున్న నక్షత్రానికి అది అడ్డం వచ్చినప్పుడు, గంటన్నర పైచిలుకు సేపు, వెలుగు నూటికి రెండు పాళ్లు తగ్గుతుంది. ఆ రెండు పాళ్లని పట్టుకోవడమే పని. దోహాలోని ఉమ్ ఘువైలినాలో మా మేడ మీద, నీళ్ల ట్యాంకుల పక్కన, చిన్న టెలిస్కోపుకి కెమెరా తగిలించి ఆ పనే చేస్తుంటాను.

మొదట ఫోకస్ కొంచెం చెడగొట్టాలి. మా రూమ్మేట్, జగిత్యాల కుర్రాడు, ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసి, "గిదేందన్నా, చుక్క మసక మసకగున్నది?" అన్నాడు. కావాలనే పెట్టానని చెప్తే నమ్మలేదు. చుక్క మరీ సన్నగా పడితే వెలుగంతా నాలుగైదు పిక్సెళ్లలో ఇరుక్కుంటుంది; టెలిస్కోపు ఏమాత్రం కదిలినా లెక్క చెడుతుంది. పలచగా పరిస్తే ఆ తేడాలు సర్దుకుంటాయి. మరీ పరిచామా, దోహా దీపాల వెలుగులో చుక్కే మునిగిపోతుంది. అదే ఫొటోలో పక్క చుక్కల్నీ కొలవాలి. దుమ్ము లేస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. ఇదొక్కటే తగ్గితే గ్రహం వచ్చినట్టు. ఆగస్టు తేమకి మాత్రం మందు లేదు, అద్దం మీద నీళ్లు పట్టేస్తాయి.

వేళ తెలిసిన గ్రహాన్ని మళ్లీ మళ్లీ కొలవడం దేనికంటే, ఇంత దగ్గర తిరిగేవి కొన్ని మెల్లగా నక్షత్రం వైపు జారుతుంటాయి. వాస్ప్-12బి అనే గ్రహానికి చుట్టు తిరిగే సమయం ఏడాదికి 29 మిల్లీసెకన్ల చొప్పున తగ్గుతోంది. అంత చిన్న తేడా బయటపడాలంటే ఏళ్ల తరబడి వేళలు రాసి పెట్టుకోవాలి. పెద్ద టెలిస్కోపులకి అంత తీరిక ఎక్కడిది? మాలాంటివాళ్లకుంది, అదీ సెలవు దొరికితే. ఖతార్-1బి ఈ రాత్రి 9కి నక్షత్రాన్ని దాటితే మళ్లీ ఎల్లుండి పొద్దున 7కి, ఆ మర్నాడు సాయంత్రం 5కి. రెండూ వెలుగులో పోయినట్టే. ఆ తర్వాతది తెల్లవారుజామున 3కి; అది శుక్రవారం అయితే సరే, లేదంటే పొద్దున్నే కంపెనీ బస్సు.